కావలివాని పద్దు



మా మద్నూర్ సరిహద్దులో ఇంటికి మూడు మాటలున్నాయి: ఇల్లు, మనె, ఘర్. పాలకు మూడు: పాలు, హాలు, దూధ్. (మొదటి రెండూ ఒక తల్లి బిడ్డలే. మన పకారం కన్నడంలో హకారమవడం భాషాశాస్త్రం చదివినవారికి కొత్త కాదు.) కాని లంచానికి మాత్రం మూడు భాషలకూ కలిపి ఒక్కటే మాట. తెలుగువాడు లంచం అంటాడు, కన్నడిగుడు లంచ అంటాడు, మరాఠీవాడు లాచ్ అంటాడు. ఉత్కోచమనే సంస్కృత శబ్దం పుస్తకాలలోనే మిగిలింది. ఉర్దూవారి రిష్వత్ కచేరీల గడప దాటి బజారులోకి వచ్చి రుష్వత్ అయింది. అరబ్బీ నుండి వచ్చిన మామూలు అన్న మాట అన్నిటికంటె చమత్కారమైనది. అలవాటైనది, ఎప్పుడూ జరిగేది అని దాని అర్థం. తప్పును తప్పనకుండా వాడుక అనేస్తే సిగ్గు సగం తగ్గుతుందని ఆ మాట పుట్టించిన వాడెవడో బాగా ఎరిగినవాడు.

ఇప్పుడు నేను వ్రాయబోయేది కచేరీ బల్ల క్రింద చేయి చాపిన గుమాస్తా కథ కాదు. అట్టివాణ్ణి పట్టుకోవడానికి లోకం ఇద్దరు కావలివాళ్ళను పెట్టుకొన్నది. ఒకడు అవినీతి నిరోధక అధికారి, రెండవవాడు పత్రికా సంపాదకుడు. ఒకడి చేతిలో చట్టం, మరొకడి చేతిలో అక్షరం. ఈ ఇద్దరిమీదనే ఆరోపణ వచ్చినప్పుడు, విచారణ జరిపించండని జనం అడిగినప్పుడు, మన దేశంలో ఏమి జరిగినదో చూడాలని కొంతకాలంగా అనుకొంటున్నాను. చూడగా చూడగా నాకొక విషయం స్పష్టమయింది. దానిని మొదటనే చెప్పడంకంటె, మా ఊరికి ఆనుకొని ఉన్న ఉదాహరణతో మొదలుపెట్టడం మేలు.

మద్నూర్ ఎరుగని వారికోసం రెండు మాటలు. నిజాం రాజ్యంలోనూ, ఆ తరువాతి హైదరాబాదు రాష్ట్రంలోనూ ఈ ప్రాంతం నాందేడ్ వైపు మొగ్గు చూపినది. 1956 రాష్ట్రాల పునర్విభజనలో నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. చాలాకాలం నిజామాబాదు జిల్లాగా ఉండి, 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మేమందులోకి వచ్చాము. పటం మారినా నడక మారలేదు. ఇప్పటికీ మాకు కామారెడ్డికంటె దెగ్లూర్ దగ్గర. పెళ్ళి సంబంధాలు అటే, పత్తి బేరాలు అటే. నేనిక్కడ తెలుగు చెప్పిన రోజులలో పిల్లల్లో సగంమంది ఇంట్లో మరాఠీ మాట్లాడేవారు. వాళ్ళకు అరసున్న, బండి ఱ చెప్పడానికి నేను పడిన పాట్లు మరొక టపాకు సరిపోతాయి. బస్టాండు దగ్గరి దుకాణంలో తెలుగు పత్రికల ప్రక్కనే నాందేడ్ నుండి వచ్చిన మరాఠీ పత్రికలు వ్రేలాడుతుండేవి. నాగరి లిపి వచ్చు గనుక నేను రెండూ చదివేవాణ్ణి.

2009 అక్టోబరులో మహారాష్ట్ర శాసనసభకు ఎన్నికలు జరిగాయి. అప్పటి ముఖ్యమంత్రి అశోక్ చవాన్ నాందేడ్ జిల్లా భోకర్ నుండి పోటీ చేసి లక్షకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఎన్నికల నాళ్ళలో మరాఠీ పత్రికలలో ఆయన పాలనను కీర్తిస్తూ పుటలకు పుటలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి పెట్టిన శీర్షిక 'అశోకపర్వ'. వ్యాసమహర్షి పదునెనిమిది పర్వాలు వ్రాశాడు గాని, ఏ పర్వానికీ పుటకింత అని వెల కట్టలేదు.

ఆ సంవత్సరం నవంబరు 30న 'హిందూ' దినపత్రికలో పాలగుమ్మి సాయినాథ్ ఒక వ్యాసం వ్రాశారు. ఆయన మన వి.వి. గిరి గారి మనుమడే. చవాన్‌ను గురించి వచ్చిన నిండు పుటలు 47 సేకరించి, అవి వార్తలా ప్రకటనలా అని అడిగారు. పరస్పరం పోటీపడే మూడు పెద్ద పత్రికలలో ఒకే వ్యాసం, అక్షరం పొల్లుపోకుండా, వేరువేరు విలేఖరుల వ్రాతగా కనబడిన సంగతి బయటపెట్టారు. నలభై మంది పిల్లలున్న తరగతిలో ముగ్గురు ఒకే తప్పుతో ఒకే వాక్యం వ్రాస్తే ఉపాధ్యాయుడికి అర్థమవుతుంది. పత్రికలను దిద్దే ఉపాధ్యాయుడు లేడు.

ఇక్కడ నన్ను ఆకట్టుకొన్నది వ్యాసంలోని వాగ్ధాటి కాదు, ఒక అంకె. గెలిచిన అభ్యర్థి ఎన్నికల సంఘానికి ఖర్చుల లెక్క దాఖలు చేయాలి. ఆ నాటికి శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి 10 లక్షల రూపాయలు. చవాన్ లెక్కలో పత్రికా ప్రకటనల క్రింద చూపిన మొత్తం 5,379 రూపాయలు. కేబుల్ టీవీ ప్రకటనలకు 6,000. ఒక ప్రక్క రంగుల్లో 47 పుటలు, మరొక ప్రక్క ఐదువేల చిల్లర. ఆ పుటలకు తాను పైకము చెల్లించలేదనీ, పత్రికలు తమంతట తామే ప్రచురించాయనీ చవాన్ వాదించారు. ఓడిపోయిన అభ్యర్థి డాక్టర్ మాధవరావు కిన్హాళ్కర్, మరికొందరు ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేశారు.

వ్యవహారం ఎంత దూరం నడిచిందో చూడండి. లెక్క సకాలంలో దాఖలయిందా లేదా అన్నదే సంఘం చూడవచ్చును గాని, ఆ లెక్క నిజమా అబద్ధమా అని విచారించే అధికారం సంఘానికి లేదన్నది ప్రతివాది పక్షం. ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం రావడానికి నాలుగున్నరేళ్ళు పట్టింది. 2014 మే 5న సుప్రీంకోర్టు, లెక్క సత్యమా కాదా అని చూచే అధికారం ఎన్నికల సంఘానికి ఉన్నదని తీర్పు చెప్పింది. ఆ జూలై 13న సంఘం, చవాన్ లెక్కను చట్టం కోరిన రీతిలో దాఖలు చేయలేదని తేల్చి సంజాయిషీ అడిగింది. సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. చట్టరీత్యా ఆ కథ చవాన్‌కు అనుకూలంగా ముగిసింది, అది చెప్పడం న్యాయం. ఈ కోవలో అనర్హత వేటు మొదట పడినది 2011 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ బిసౌలీ శాసనసభ్యురాలు ఉమ్లేష్ యాదవ్ మీద, మూడేళ్ళకు.

ఈ మొత్తం వ్యవహారంలో శిక్షకు గురి కావచ్చునన్న భయం కొన్నవాడికే ఉన్నది. అమ్మినవాడికి లేదు. పత్రికను అడిగే చట్టమే లేదు.

నాందేడ్ కథ మరాఠీవారిది, మనకేమి అని ఎవరైనా అంటారేమో. అదే 2009లో, అంతకు ఆరు నెలల ముందు, ఏప్రిల్‌లో మన శాసనసభ ఎన్నికలు. అప్పుడు ప్యాకేజీ అనే మాట తెలుగులో కొత్త అర్థంతో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు ప్యాకేజీ అంటే తీర్థయాత్రకు తీసుకువెళ్ళే బస్సు. ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం వారు స్వయంగా పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా పరిశీలన జరిపి, రాష్ట్రంలో పత్రికలు అభ్యర్థులకు వార్తల చోటు అమ్మి 350 నుండి 400 కోట్ల రూపాయల దాకా గడించాయని అంచనా కట్టారు. లోక్‌సత్తా అభ్యర్థి ఒకరు వార్తకోసం చెల్లించిన సొమ్మును తన ఎన్నికల ఖర్చులో నిజాయితీగా వ్రాసేశారు. ఆయన గెలవలేదు.

ఆ సంఘంవారి ధైర్యాన్ని నేను మెచ్చుకొంటాను. తమ యజమానులమీద తామే లెక్క తీశారు. అయితే క్రిందినుండి చూస్తే మరొకటి కనబడుతుంది. ఈనాడు వంటి పత్రికలు 1980ల చివరినుండి జిల్లా అనుబంధాలు ప్రారంభించాక మండలానికొక కంట్రిబ్యూటరు అవసరమయ్యాడు. పల్లె వార్త అచ్చులోకి వచ్చింది. మా బోరుబావి ఎండితే మరునాడు పేపర్లో పడేది, అది చిన్న మేలు కాదు. కాని ఆ కుర్రవాడికి జీతం లేదు. అచ్చయిన వార్త కొలతనుబట్టి కొద్ది సొమ్ము, తెచ్చిన ప్రకటనమీద కమీషను. ఉగాదికి, దసరాకు, నాయకుల పుట్టినరోజుకు ఇంత ప్రకటన తేవాలని లక్ష్యం. ఉదయం సర్పంచిని ప్రశ్నించవలసినవాడు సాయంత్రం అదే సర్పంచి దగ్గర ప్రకటన అడగాలి. నా దగ్గర చదివిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఆ పని చేశారు. అక్షరం మీది ప్రేమతోనే చేరారు. వాళ్ళమీద నాకు కోపం రాదు. ఆ ఏర్పాటు చేసి, చేతులు కడుక్కొని, సంపాదకీయంలో నీతి చెప్పేవారిమీద వస్తుంది.

దేశంలో ఈ విషయంపై గొంతెత్తిన పెద్దలలో హిందీ సంపాదకుడు ప్రభాష్ జోషి ఒకరు. ఆయన 2009 నవంబరులోనే కన్నుమూశారు. భారత ప్రెస్ కౌన్సిల్ ఆ జూలైలో ఇద్దరు సభ్యుల ఉపసంఘాన్ని వేసింది. ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, రెండవవారు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. వారు తిరిగి, విని, 71 పుటల నివేదిక సిద్ధం చేశారు. అందులో పత్రికల పేర్లున్నాయి. ఆరోపణలున్నాయి, వాటికి ఆ పత్రికల ఖండనలూ ఉన్నాయి. 2010 జూలై 30న కౌన్సిల్ సమావేశమై, ఆ నివేదికను యథాతథంగా అంగీకరించక, కొద్ది పుటల సంగ్రహాన్ని మాత్రమే ఆమోదించింది. పేర్లు పోయాయి. చెల్లింపు వార్త ప్రజాస్వామ్యానికి హానికరం అన్న ఉపదేశం మిగిలింది. సమాచార హక్కు చట్టం క్రింద అడిగితే, 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం మీద అసలు నివేదిక ప్రజలకు దక్కింది. విచారణ చేయండని లోకానికి చెప్పేవారే తమపై విచారణకు సంగ్రహం చేసుకొన్నారు. పండితుడిగా నేను ఎన్నో సంగ్రహాలు చూశాను. బాలరామాయణం కూడా రావణుడి పేరు తీసివేయలేదు.

ఇదే హైదరాబాదు రాజ్యంలో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టు 22 తెల్లవారేలోగా హత్యకు గురయ్యాడు. రజాకార్లకు వ్యతిరేకంగా, భారతదేశంలో విలీనాన్ని సమర్థిస్తూ వ్రాసినందుకు వ్రాసిన చేతినే నరికారు. సంపాదకుడన్న మాటకు ఈ నేలమీద అంత బరువున్నది. అందుకే దాని అమ్మకం నాకు కేవలం వ్యాపార విషయంగా తోచదు.

ఇక చట్టం చేతబట్టిన కావలివాడి సంగతి. మద్నూర్ మండలంలోనే సలాబత్‌పూర్ ఉన్నది. సంగారెడ్డి నుండి నాందేడ్ వెళ్ళే జాతీయ రహదారి మీద అది రాష్ట్రపు చివరి మజిలీ. అక్కడ రవాణాశాఖ చెక్‌పోస్టు ఉండేది. అవినీతి నిరోధక శాఖ, అదే మనమందరం ఏసీబీ అనేది, ఎన్నోసార్లు దానిమీద దాడి చేసింది. 2025 అక్టోబరులో తెలంగాణ అంతటా ఇటువంటి చెక్‌పోస్టులమీద ఒకేసారి దాడులు జరిగాయి. కొన్నిచోట్ల ఏసీబీవారు లోపల కూర్చొని ఉండగానే లారీ డ్రైవర్లు వచ్చి, ఎవరూ అడగకుండానే, బల్లమీద డబ్బు పెట్టి పోయారు. మామూలు అన్న మాటకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానం ఏ నిఘంటువులోనూ దొరకదు. ఆ నెలలోనే ప్రభుత్వం రవాణాశాఖ చెక్‌పోస్టులను ఎత్తివేసింది.

ఉమ్మడి రాష్ట్రంలో ఏసీబీ 1961 జనవరి 2న ప్రత్యేక శాఖగా ఏర్పడినది. దాని వల పన్నే విధానం అందరూ పేపర్లలో చదివేదే. ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల సంఖ్యలు వ్రాసుకొంటారు. వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. మధ్యవర్తుల సమక్షంలో ఆ నోట్లు చేయి మారగానే, పుచ్చుకొన్నవాడి వ్రేళ్ళు సోడియం కార్బొనేటు నీళ్ళలో ముంచుతారు. నీళ్ళు గులాబీరంగుకు తిరుగుతాయి. శాస్త్రీయమైన ఏర్పాటే. కాని దీనికొక మూలాధారం కావాలి, ఫిర్యాదుదారు. ఎవడో ఒకడు బాధపడి, కడుపుమండి, ఏసీబీ కచేరీ మెట్లెక్కాలి. అప్పుడే వల కదులుతుంది.

నేను మొదట చెప్పక ఆపిన విషయం ఇదే. కావలివాడు పుచ్చుకొనే లంచానికి ఫిర్యాదుదారు ఉండడు. రైతు పాసుపుస్తకానికి డబ్బు అడిగితే రైతు ఏడుస్తాడు. కాని మాకచేరీ మీదికి దాడికి రాకండని ఎవరైనా ఒక దర్యాప్తు అధికారికి నెలకింత ముట్టజెప్పితే, ఇచ్చినవాడు సంతోషిస్తాడు, పుచ్చుకొన్నవాడు సంతోషిస్తాడు. అభ్యర్థి వార్త కొంటే కొన్నవాడికి ఓట్లు, అమ్మినవాడికి కోట్లు. నష్టపోయినవాడు పాఠకుడు. తాను నష్టపోయినట్లు వాడికి తెలియదు. తెలియనివాడు ఫిర్యాదు ఎట్లా చేస్తాడు? 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి, లంచమిచ్చినవాడు కూడా నేరస్థుడేననీ, బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజులలో తెలియజేస్తే మినహాయింపు అనీ చేర్చారు. మంచిదే కావచ్చు. ఇష్టపడి ఇచ్చినవాడు ఇక నోరు విప్పడు గదా.

ఇటువంటి లంచాన్ని పట్టిచ్చేది ఒక్కటే, పద్దు. ఎక్కడో ఎవడో తన అవసరం కొద్దీ వ్రాసుకొన్న లెక్క. చరిత్రలో కావలివాళ్ళు దొరికిన ప్రతిచోటా వెనుక ఒక చిన్న పుస్తకం ఉన్నది. భోకర్‌లో 5,379 రూపాయల పద్దు వంటిదే.

2011 డిసెంబరులో మన ఏసీబీ మద్యం సిండికేట్లమీద దాడులు మొదలుపెట్టింది. తెల్ల రేషన్‌కార్డువారి పేర లైసెన్సులు, వెనుక పెద్ద వ్యాపారులు. ఖమ్మంలోనూ, మరికొన్ని జిల్లాలలోనూ వ్యాపారుల లెక్కలు చేతికి వచ్చాయి. ఎక్సైజు, పోలీసు అధికారులు, రాజకీయ నాయకులతోపాటు విలేఖరుల పేరిటకూడా ఆ లెక్కలలో పద్దులున్నాయని అప్పుడు వార్తలు వచ్చాయి. వ్యాపారి నిష్పక్షపాతి. పుచ్చుకొన్నవాడు ఖాకీ తొడిగినా, కలం పట్టినా ఖర్చు ఖర్చే. తన భాగస్తులకు లెక్క చెప్పాలి గనుక అందరినీ ఒకే వరుసలో వ్రాశాడు. ఆ దర్యాప్తు వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది, మధ్యలో దానిని నడిపిన అధికారుల బదిలీలు చర్చకు వచ్చాయి, పిదప పత్రికలు క్రమంగా మరిచిపోయాయి. తమ పేరున్న పద్దును వెంటబడి వ్రాయడం ఎవరికి మాత్రం ఇష్టం?

ఢిల్లీకి వెళితే ఈ పద్దుల చరిత్ర ఇంకా పాతది. 1991లో సీబీఐ సోదాలలో జైన్ సోదరుల డైరీలు దొరికాయి. పొడి అక్షరాల పేర్లు, ఎదురుగా అంకెలు. చాలాకాలం అవి కదలకుండా పడి ఉన్నాయి. వినీత్ నారాయణ్ అనే పాత్రికేయుడు సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. 1997 డిసెంబరు 18న వచ్చిన తీర్పు సీబీఐ డైరెక్టరుకు కనీసం రెండేళ్ళ పదవీకాలం, కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు చట్టబద్ధత ఉండాలన్నది. ఆ చట్టం 2003లో వచ్చింది. ఆ తీర్పు వెలువడిన కొద్ది నెలలకే, 1998 మార్చిలో, మరొక తీర్పులో అదే న్యాయస్థానం, అట్టి పద్దులు మాత్రమే ఒక మనిషిని దోషిగా నిలబెట్టడానికి చాలవన్నది. న్యాయశాస్త్రం ప్రకారం అది సరియైనదే. నా పేర ఎవడో ఏదో వ్రాసుకొంటే నేను దోషినా? పద్దు దారి చూపాలి, ఆ దారిన నడవవలసినవాడు దర్యాప్తు అధికారి. నడవనప్పుడే చిక్కు.

అధికారి తానే నడవకపోతే ఏమవుతుందో 2014లో చూశాము. సీబీఐ డైరెక్టరు రంజిత్ సిన్హా ఇంటికి వచ్చిపోయినవారి పేర్ల రిజిస్టరును న్యాయవాది ప్రశాంత్ భూషణ్ సుప్రీంకోర్టుకు అందించారు. గేటు దగ్గర కావలి మనుషులు వ్రాసిన పుస్తకమది. సీబీఐ దర్యాప్తు చేస్తున్న కేసులలోని పెద్దమనుషుల రాకపోకలు అందులో ఉన్నాయని ఆరోపణ. సిన్హా తప్పు చేయలేదన్నారు. నవంబరు 20న న్యాయస్థానం ఆయనను 2జీ కేసునుండి తప్పుకొనమన్నది. 2015లో ఆయన కలిసిన తీరు పూర్తిగా అనుచితమన్నది. 2017 జనవరిలో సీబీఐయే తన మాజీ అధిపతిని విచారించాలన్నది. ఏప్రిల్‌లో కేసు నమోదయింది. అంతకు రెండు నెలల ముందే అంతకుముందరి డైరెక్టరు ఏ.పి. సింగ్ మీద, మాంసం ఎగుమతిదారు మొయిన్ ఖురేషీ వ్యవహారంలో మరొక కేసు. ఒక సంస్థ తన ఇద్దరు మాజీ అధిపతులపైన రెండు నెలల వ్యవధిలో కేసులు వ్రాసుకొన్నది. సిన్హా 2021 ఏప్రిల్‌లో మరణించారు.

ఆ ఖురేషీ వ్యవహారపు తోకే 2018లో మన హైదరాబాదును చుట్టుకొన్నది. వ్యాపారి సానా సతీష్‌బాబు ఫిర్యాదుపై అక్టోబరు 15న సీబీఐ తన ప్రత్యేక డైరెక్టరు రాకేశ్ అస్థానా మీదనే కేసు నమోదు చేసింది. అస్థానా అంతకు ముందే, ఆగస్టులో, డైరెక్టరు ఆలోక్ వర్మ అదే సతీష్‌బాబు దగ్గర రెండు కోట్లు పుచ్చుకొన్నారని కేబినెట్ కార్యదర్శికి ఫిర్యాదు చేసి ఉన్నారు. ఇద్దరూ ఖండించారు. సెప్టెంబరు 26న సతీష్‌బాబు ఢిల్లీలో ఇచ్చినట్లుగా ఒక వాంగ్మూలం దస్త్రంలో ఉన్నది. ఆ రోజు ఆయన హైదరాబాదులో ఉన్నాడని సీబీఐయే తేల్చి, దానిని వ్రాసిన తన డీఎస్పీని అక్టోబరు 22న అరెస్టు చేసింది. కేంద్ర దర్యాప్తు సంస్థ తన కచేరీలోనే సోదా చేసుకొన్న దృశ్యం అంతకుముందు ఎవరూ చూచి ఉండరు. మరునాటి అర్ధరాత్రి ఇద్దరు అధికారులనూ సెలవుపై పంపారు. తాత్కాలికంగా కుర్చీ ఎక్కినది మన తెలంగాణలోని మంగపేటవాసి ఎం. నాగేశ్వరరావు. న్యాయస్థానం వద్దన్న బదిలీ ఒకటి చేసినందుకు 2019 ఫిబ్రవరి 12న కోర్టు లేచేదాకా ఒక మూల కూర్చోవలసిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఆయనకు పడ్డాయి. తరగతిలో మూల కూర్చోబెట్టడం మేము మానేసి చాలా కాలమయింది.

ఆ నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సీబీఐకి ఇచ్చిన సాధారణ సమ్మతిని ఉపసంహరించింది. 2019లో కొత్త ప్రభుత్వం తిరిగి ఇచ్చింది. వర్మను సుప్రీంకోర్టు 2019 జనవరి 8న తిరిగి నిలబెడితే, రెండు రోజులకే ఎంపిక సంఘం తొలగించింది. 2020లో సీబీఐ అస్థానామీద సాక్ష్యం లేదని నివేదించగా, మార్చిలో కోర్టు అంగీకరించింది. అరెస్టయిన డీఎస్పీకీ అదే ఫలితం దక్కింది. 2024 డిసెంబరులో సతీష్‌బాబు రాజ్యసభకు ఎన్నికయ్యారు. ఎవరు నిర్దోషి, ఎవరు దోషి అనే తగవులోకి నేను దిగను, కోర్టు చెప్పినది చెప్పినట్లే నిలవాలి. నా ప్రశ్న వేరు. అస్థానామీద వచ్చిన ఆరోపణను ఆయన సంస్థే విచారించి తేల్చుకొన్నది. మంచి తీర్పు వచ్చినా దానిని చూచేవాడికి నమ్మకం ఎక్కడినుండి రావాలి?

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజధనాన్ని అపహరించే మార్గాలు నలభై లెక్కపెట్టాడు. నలభై ఉన్నాయని చెప్పినవాడే అధ్యక్షులమీద గూఢచారులను పెట్టమన్నాడు, ఒక కొలువులో ఒకణ్ణే దీర్ఘకాలం ఉంచవద్దన్నాడు. మన ఏసీబీలో దర్యాప్తు చేసేవారు ఎక్కువమంది పోలీసు శాఖనుండి కొంతకాలానికి వచ్చి, మళ్ళీ అదే శాఖకు వెళ్ళేవారు. నిన్న ప్రక్క గదిలో ఉన్నవాణ్ణి నేడు పట్టుకొని, రేపు మళ్ళీ వాడి ప్రక్క గదికే వెళ్ళాలి. ఆ శాఖలో నిజాయితీపరులు లేరనడం అన్యాయం. గులాబీ నీళ్ళ సీసాతో అర్ధరాత్రి సలాబత్‌పూర్ రోడ్డుమీద కాపు కాసినవారూ వాళ్ళే. కాని వాళ్ళమీద ఆరోపణ వస్తే విచారించవలసినవాడు వాళ్ళ శాఖకు బయటివాడై ఉండాలి, వాళ్ళ ఆస్తుల పట్టిక అడిగినవాడికి చూపాలి. ఎన్నికల నెలలో పత్రికలు ఏ అభ్యర్థి దగ్గర, ఏ పార్టీ దగ్గర ఎంత పుచ్చుకొన్నాయో ఆ పద్దు కూడా ఎన్నికల సంఘానికి చేరాలి. కొన్నవాడి లెక్క ఒక్కటే చూస్తే ఐదువేల మూడువందల డెబ్బైతొమ్మిదే కనబడుతుంది. అమ్మినవాడి లెక్కను ప్రక్కన పెడితేనే అది నిజమో కాదో తేలుతుంది. అది చవాన్ వంటివారికీ మేలే. పైకము ఇవ్వలేదన్న ఆయన మాట నిజమయితే పత్రిక పద్దే ఆయనకు సాక్షి అయి ఉండేది.

ప్రెస్ కౌన్సిల్‌కు 1978 చట్టం ఇచ్చిన అధికారం హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం, అంతవరకే. చెల్లింపు వార్తను ఎన్నికల నేరంగా చేయమని ఎన్నికల సంఘం కోరుతూ వచ్చింది. 2015 మార్చిలో లా కమిషన్ తన 255వ నివేదికలో దానిని చట్టంలో నిర్వచించి శిక్షించాలని సిఫారసు చేసింది. ఆ తరువాత రెండు లోక్‌సభ ఎన్నికలు జరిగాయి, మా జుక్కల్‌లో రెండు శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఆ సిఫారసు ఇంకా సిఫారసుగానే ఉన్నది.